నాలుగో నట్టు మీద గీత

మొన్న శుక్రవారం రాజోలులో అమలాపురం బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సు వచ్చి సరిగ్గా దాని వెనక చక్రం నా ముందు ఆగింది. ఆ చక్రానికున్న నట్లన్నింటి మీదా పసుపు రంగు గీతలు. ఒక్కో గీతా నట్టు మీద మొదలై చక్రం రేకు మీదికి వేలెడు పొడవున సాగింది. కొన్ని కొత్తగా మెరుస్తున్నాయి, కొన్ని బురద కొట్టుకుని ఉన్నాయి. ఎక్కాల్సినదాన్ని ఎక్కకుండా వంగి వాటినే చూస్తూ ఉండిపోయాను. కండక్టరమ్మాయి తల బయటికి పెట్టి, "ఏమైందండి మామ్మగారూ, ఏదన్నా పడిపోయిందాండి?" అని అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను. మీకు ఎక్కే ఉద్దేశం ఉందా లేదా అని అడగడం మర్యాద కాదనుకుందో ఏమో, కాసేపు చూసి రైట్ చెప్పేసింది. తరవాతి బస్సు వచ్చేదాకా నేను ఆ సిమెంటు బల్ల మీద కూర్చునే ఉన్నాను గాని, మనసు మాత్రం ఆరేళ్ళ కిందట మా బావగారి కారు కింద ఉంది.

కారు కింద అంటే మాటవరసకి కాదు, నిజంగానే కారు కింద. ముప్ఫై ఏళ్ళ పైన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. స్ప్రింగుకి బరువు కడితే ఎంత సాగుతుందో నిద్రలో అడిగినా చెప్పగలను. కానీ రిటైరయ్యాక, మోకాళ్ళు అరిగాక, కొబ్బరికాయలు రాశి పోసిన పాకలో చాప పరుచుకుని వెల్లకిలా పడుకున్న రోజున గాని అసలు స్ప్రింగు మొహం దగ్గరగా చూడలేదు. చూసి భయపడ్డాను కూడా. పుస్తకంలో అది ఎంత బుద్ధిగా ఉంటుందో!

బావగారంటే మా అక్క భర్త. బస్సు డిపోలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన నాన్నగారు వాళ్ళ ఊరి దగ్గరి మిషన్ ఆస్పత్రిలో ఒక దొరసాని డాక్టరమ్మ దగ్గర డ్రైవరు. ఆవిడకి ఒక స్పోర్ట్స్ కారు ఉండేది. ఎర్రటిది, నేలకి జానెడెత్తున ఉండేది, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. ఏడాదిలో సగం రోజులు వాన, మిగతా సగం బురద ఉండే ఈ కాలవగట్ల మీదికి ఆ కారుని ఆవిడ ఏ ధైర్యంతో తెచ్చుకుందో ఎవరికీ తెలీదు. వాళ్ళ దేశం వెళ్ళిపోతూ తాళం చెవి డ్రైవరు గారి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆయన తరవాత అది బావగారికి వచ్చింది. ఇంట్లో అయిదుగురున్నా కారులో ఇద్దరికే చోటు కాబట్టి, ఆదివారం గుడికి బావగారూ అక్కా కారులో, మిగతా వాళ్ళు సైకిళ్ళ మీదా వెళ్ళేవాళ్ళు. వానొస్తే సైకిలు మీది వాళ్ళు గొడుగు వేసుకునేవాళ్ళు, కారులోని వాళ్ళు తడిసేవాళ్ళు. ఆ టాపు ఏనాడూ వానని ఆపిన పాపాన పోలేదు. ఒక ఏడాది సీటు వెనకాల కోడి పొదిగితే, పిల్లలు చేసేదాకా కారు తియ్యడానికి వీల్లేదని అక్క అడ్డుపడింది. బావగారు తియ్యలేదు. కోడి కంటే అక్కకే ఎక్కువ భయపడి ఉంటారు.

పెళ్ళయిన మర్నాడు నరసాపురం నుంచి అక్కని ఆయన ఆ కారులోనే తెచ్చారు. పంటు మీద కారు ఎక్కించి గోదావరి దాటించి సఖినేటిపల్లి రేవులో దించితే, కొత్త పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చిన జనం అందరూ కారు చుట్టూ మూగారట. తనవైపు ఒక్కళ్ళూ చూడలేదని అక్క నలభై ఏళ్ళు చెప్పుకుంది. అప్పటినుంచీ ప్రతి పెళ్ళిరోజుకీ ఇద్దరూ ఆ కారులో రేవు దాకా వెళ్ళి, గట్టున కూర్చుని టీ తాగి రావడం అలవాటు. అంతకంటే పెద్ద సంబరం వాళ్ళకి లేదు.

కారు ఎంత మొండిదైనా రబ్బరుకి ఆయుష్షు ఉంటుంది కదా. వెనక చక్రాలని ఒక్కోదాన్నీ ఒక్కో పొడుగాటి ఇనప చెయ్యి పట్టుకుని ఉంటుంది. చక్రం పైకీ కిందికీ ఎగరొచ్చు గాని ముందుకీ వెనక్కీ జరగకూడదు, ఆ చెయ్యి పని అదీ. దాని ఒక కొస కారు ఒంటికీ, రెండో కొస చక్రం దగ్గరా బోల్టులతో బిగించి ఉంటాయి. ఆ కీళ్ళలో రబ్బరు బుష్షులు ఉంటాయి. మన ఉప్పు గాలికీ తేమకీ అవి నానిన జంతికల్లా అయిపోయాయి. దాంతో కారు మలుపు తిరిగినప్పుడల్లా వెనక భాగం తోక ఊపడం మొదలుపెట్టింది. కొత్త బుష్షులు ఈ దేశంలో ఎక్కడా దొరకలేదు.

అదే ఏడు బావగారి చేతులు వణకడం మొదలైంది. నరాల జబ్బన్నారు డాక్టరు గారు, మందులు రాశారు. టీ గ్లాసు సాసర్లో పెడితే టకటకమనేది. ఆ చప్పుడు వినలేక అక్క సాసర్లన్నీ అటకెక్కించేసింది. ఎవరూ ఆ మాట పైకి అనేవాళ్ళం కాదు. మా వైపు అంతే, ఎదటి మనిషి నొచ్చుకునే మాటైతే ఇల్లు కాలిపోతున్నా చెప్పం. ఒకరోజు పాకలో కారు దగ్గర కూర్చుని ఆయనే అన్నారు. "ఈ నాలుగు కీళ్ళూ నా చేత్తో నేను మార్చుకోవాలమ్మాయ్. మార్చేననుకో, ఇంకా ఫిట్టర్నే. లేదంటే రెంచీలన్నీ ఎవరికన్నా ఇచ్చేసి మంచం మీద కూచుంటాను." నవ్వుతూనే అన్నారు. కానీ ఆ మనిషికి అది ఎంత ప్రాణమో నాకు అర్థమైంది. అప్పుడే, సహాయానికి నేనొస్తానని నోరు జారాను.

రబ్బరు లేకపోతే ఇనుమే పెట్టేద్దామన్నది బావగారి ఆలోచన. దమ్ము చేసే ట్రాక్టరు వెనకాల టాప్ లింకు అని ఒక కడ్డీ ఉంటుంది. దాని చివర ఒక ఇనప గుండు, గూట్లో కూర్చుని ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. కారు చేతుల కొసలు కోసేసి, వాటికి ఆ గుండు కీళ్ళు అతకాలి. కొత్తపేటలో లేతు మిషను ఉన్నాయన ఉండేవాడు. పడవ ఇంజన్లకీ, రైసు మిల్లులకీ లేని సామాను పుట్టిస్తాడని పేరు. ఆయన వచ్చి, కారు కింద టార్చి వేసి చూసి, బావగారు చెప్పిందంతా చేతులు కట్టుకుని విని, ప్రతి ముక్కకీ మర్యాదగా "ఆయ్" అన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నాతో మాత్రం, "రబ్బరైతే దెబ్బని కొంచెం మింగుతాదండి. ఇనుమైతే రోడ్డు మీదున్న గోతులన్నీ అమ్మగారి నడుంలోకే వచ్చేత్తాయండి. ఫిట్టరు గారితో అనలేకపోయేనండి" అన్నాడు. నేనూ అనలేకపోయాను. కాని కొసలు మాత్రం అద్దంలా చేసుకొచ్చాడు. గుండు గూట్లో ఎంత నున్నగా తిరిగేదంటే బావగారు రెండు రోజులు దాన్ని జేబులో వేసుకుని తిరిగారు, వచ్చినవాళ్ళకల్లా తీసి చూపించేవారు.

పని వారం పట్టింది. వేరేవాళ్ళకైతే ఒక పూట పని. పాకలో ఒక పక్క కొబ్బరికాయల రాశి, ఒక పక్క దిమ్మల మీద లేపి పెట్టిన కారు. బోల్టుకి నట్టు ఎక్కించాలంటే మొదటి మర సరిగ్గా దొరకాలి. వణికే చేతికి అది దొరకదు. నట్టు జారి కొబ్బరికాయల మధ్య పడేది, నేను వెతికి ఇచ్చేదాన్ని. మళ్ళీ పడేది. నేను ఎక్కిస్తానని ఒక్కసారీ అనలేదు, ఆయన ఇమ్మనలేదు. ఒక్కో నట్టు దగ్గరా గంటసేపు ఆయన చేతికేసి చూడకుండా ఎటు చూడాలో తెలిసేది కాదు. రాశిలో మొలకలెత్తిన కాయలు ఎన్నో లెక్కపెట్టుకునేదాన్ని.

ఇక్కడ డిపో వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. నట్టు పూర్తిగా బిగించినవాడు దాని మీంచి పసుపు పెయింటుతో అడ్డంగా ఒక గీత గియ్యాలి. నట్టు వదులై ఏ మాత్రం తిరిగినా గీత రెండు ముక్కలుగా కనపడుతుంది. పొద్దున్నే బండి తీసే డ్రైవరు గీతలు చూసుకుని తీస్తాడు. గీత ఉందంటే ఒక మనిషి మాట ఇచ్చాడని అర్థం. గీసిన నట్టు మీద ఇంకో ఫిట్టరు రెంచి పెట్టడు. పెడితే నీ పని మీద నాకు నమ్మకం లేదని మొహం మీద అన్నట్టే. దాని మీద డిపోలో మాటలు మానేసుకున్నవాళ్ళున్నారని బావగారు చెప్పేవారు. ఆయన గీసిన గీత స్కేలు పెట్టినట్టుండేదట. ఇప్పుడు కుంచె పట్టుకుంటే పాము నడిచినట్టు వస్తోంది. "బోర్డు మీద గీతలు గీసిన చెయ్యి కదమ్మాయ్, గీతలు నువ్వు గియ్యి" అన్నారు. ఆ వారంలో నాకు దక్కిన ఒకే ఒక్క గౌరవం అది. పొంగిపోయాను.

శనివారం చివరి బిగింపులు. కొసలన్నీ ఎక్కించి, నాలుగు నట్లూ వేళ్ళతో తిప్పి వదిలి ఉన్నాయి. ఇక పొడుగు రెంచితో బలం కొద్దీ బిగించాలి. ఎడం పక్క రెండూ అయ్యాయి. కుడి పక్క వెనకది అయ్యేసరికి ఆయన బనియను తడిసి ముద్దయింది. నాలుగోది కుడి పక్క ముందుది, కారు ఒంటికి ఆనుకుని ఇరుకులో ఉంటుంది. అంతలో అక్క టీ తెచ్చింది. బయటికొచ్చి ముగ్గురం తాగాం. మర్నాడే పెళ్ళిరోజు, ఏ చీర కట్టుకోవాలో అక్క అడుగుతోంది, ఆకుపచ్చది కట్టుకో అన్నారాయన. గ్లాసులు లోపల పెట్టి నేను తిరిగొచ్చేసరికి బావగారు రెంచీలు తుడిచి పెట్టెలో సర్దేస్తున్నారు. "అయిపోయిందమ్మాయ్. ఇంక గీతలు గీసెయ్యి" అన్నారు.

నేను కారు కిందికి దూరాను. మూడు గీసి నాలుగో దాని దగ్గర ఆగాను. మేం టీకి లేచినప్పుడు దానికి ఇంకా రెంచి పెట్టలేదు. కింది నుంచే, "బావగారూ, నాలుగోది..." అన్నాను.

"ఊఁ, ఏంటి?" అని వంగి చూశారు. ఆ మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఏడాది కాలంలో ఆయన అంత హాయిగా ఉండగా చూడలేదు.

"నాలుగోది కూడా గియ్యనాండి?" అన్నాను.

"గియ్యవా మరి!" అని నవ్వారు.

గీశాను. తిన్నగా, చక్కగా, ఏళ్ళ తరబడి బోర్డు మీద గీసినట్టే గీశాను.

నాకు సమాధానాలు లేకపోలేదు. గ్లాసులు పెట్టడానికి నేను లోపలికెళ్ళిన ఆ కాసేపట్లో బిగించారేమో. బిగించి ఉండొచ్చు కదా. ఒక్కో నట్టుకి గంట పట్టిన మనిషి రెండు నిమిషాల్లో ఎలా బిగించారని లెక్క అడిగితే, పిల్లల చేత లెక్కలు కట్టించిన నేనే నోరు మూసుకున్నాను. సాయంత్రం లేతు ఆయన వస్తానన్నాడు, ఆయన చేత బిగింపిస్తే సరిపోతుందనుకుని సగం ధైర్యం తెచ్చుకున్నాను. ఆయన వచ్చాడు కూడా. బావగారి ఎదట పడకుండా, "ఓసారి నట్లన్నీ చూడండి" అన్నాను. వంగి, టార్చి వేసి, నాలుగు గీతలూ చూసి లేచి నిలబడ్డాడు. "అబ్బే, ఫిట్టరు గారు గీత పెట్టించేక మనం రెంచి పెట్టకూడదండి. తప్పండి" అన్నాడు. బావగారు మా వెనకే నిలబడి ఉన్నారు, సంతోషంగా తల ఊపారు. నేను కుడితిలో పడ్డ ఎలుకలా చూస్తూ ఉండిపోయాను. ఆ తరవాత వాళ్ళిద్దరూ కారుని దిమ్మల మీంచి దించేశారు. కింద పెట్టిన ఆ కారు కిందికి నా ఒళ్ళు దూరదు. జాకీ ఎక్కడ పెట్టి లేపాలో నాకు తెలీదు.

మర్నాడు గుడి నుంచి రాగానే వాళ్ళిద్దరూ బయల్దేరారు. అక్క ఆకుపచ్చ చీర కట్టుకుంది. "నువ్వు కూడా రావే, స్కూటీ మీద వెనకాలే వచ్చెయ్యి" అంది. ఆ పిలుపు లేకపోయినా వెళ్ళేదాన్నే. మలికిపురం దాకా కారు బ్రహ్మాండంగా వెళ్ళింది. తోక ఊపడం అన్నది లేదు. బావగారు మలుపుల్లో చెయ్యి బయటికి పెట్టి నాకు బొటనవేలు చూపించేవారు. గోతిలో పడ్డప్పుడల్లా ఇనప మోత మాత్రం నాదాకా వినిపించేది, అక్క తల ఎగిరిపడేది. ప్రతి మోతకీ నా గుండె జారి, మళ్ళీ ఏమీ కాకపోయేసరికి కుదుటపడేది. హారను కొట్టి ఆపుదామని రెండుసార్లు బొటనవేలు బటను మీద పెట్టాను. ఆపి ఏం చెప్పాలి? అక్క ఎదట, పెళ్ళిరోజున, మీరు ఒక నట్టు మర్చిపోయారని చెప్పాలా? రేవు వచ్చాక టీ తాగేటప్పుడు ఆయన్ని పక్కకి పిలిచి చెబుదామనుకున్నాను.

రేవు రాలేదు. కాలవ మలుపు దగ్గర కుడి వెనక చక్రం ఎవరో పట్టి లాగినట్టు వెనక్కి జరగడం నేను కళ్ళారా చూశాను. కారు రోడ్డు మీద అడ్డంగా తిరిగింది, ఇంకో పక్కకి తిరిగింది, కాలవ వైపు కాకుండా దేవుడి దయవల్ల చేను వైపు దిగి, దమ్ము చేసిన మడిలో ముక్కు దిగబడి ఆగింది. అంతా నా ఎదటే, నెమ్మదిగా జరిగినట్టనిపించింది. నేను చెయ్యగలిగింది బ్రేకు వెయ్యడం ఒక్కటే. బావగారికి ఏమీ కాలేదు. అక్క కుడి మణికట్టు విరిగింది. మడిలో మోకాలి లోతు బురదలో నిలబడి, విరిగిన చెయ్యి గుండెకి ఆనించుకుని, "నాకేం కాలేదండీ, కంగారు పడకండి" అని ఆయనకే ధైర్యం చెబుతోంది. ఆయన మాత్రం అక్క వైపు చూడటం లేదు. వంగి చక్రం కింద చూస్తున్నారు. నాలుగో కీలు ఊడిపోయి వేలాడుతోంది. బోల్టూ లేదు, నట్టూ లేదు, నా గీతా లేదు.

ఆస్పత్రి వరండాలో పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ బావగారు ఒకటే మాట చెప్పారు. "నా చెయ్యేనండి. బలం చాల్లేదు. నేను బిగించిన నట్టే వదిలేసింది." ఎవరైనా తప్పుని రోడ్డు మీదికి నెట్టబోతే ఒప్పుకునేవారు కాదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నేను పైట సర్దుకునేదాన్ని. నెలలోపే రెంచీల పెట్టె లేతు ఆయనకి ఇచ్చేశారు. ఆయన వద్దు వద్దంటూనే రెండు చేతులతో తీసుకున్నాడు. కారుని కాకినాడ నుంచి ఎవరో పాతకార్ల పిచ్చాయన వచ్చి లారీలో వేసుకుపోయాడు. ఆ రోజు బావగారు పాకలోంచి బయటికి రాలేదు.

నిజం చెప్పాలని నాకు లేకపోలేదు. కానీ ఏం నిజం? ఆయన చేతుల బలం తగ్గిపోయి నట్టు వదిలెయ్యలేదు, అసలు బిగించడమే మర్చిపోయారు. చేతులు పోతున్నాయని ఆయన ఒప్పుకున్నారు, దాంతో సరిపెట్టుకున్నారు. తల కూడా పోతోందని నేను చెప్పాలా? ఆ దుఃఖం కంటే ఈ దుఃఖమే చిన్నది కదా అని ఊరుకున్నాను. ఇది నేను ఆయన కోసం ఊరుకోవడమో, నా కోసం ఊరుకోవడమో ఇప్పటికీ తేల్చుకోలేదు. గీత గీసింది నేను. ఆ గీతే లేకపోతే లేతు ఆయన రెంచి పెట్టి ఉండేవాడు, అక్క చెయ్యి బాగుండేది. ఆ చెయ్యి అతుక్కుంది గాని, పిండి కలపడానికి ఎప్పటికీ పూర్తిగా లొంగలేదు. "వయసే, మరేం కాదు" అంటుంది అక్క.

తరవాత తరవాత మరుపు అందరికీ కనపడటం మొదలైంది. ముందు మందుల వేళలు పోయాయి, తరవాత మనుషుల పేర్లు, తరవాత మనుషులే. నిరుడు ఒక మధ్యాహ్నం అక్క మార్కెట్టుకి వెళ్తూ నన్ను ఆయన దగ్గర కూర్చోబెట్టి వెళ్ళింది. అరుగు మీద కుర్చీలో ఇద్దరం కూర్చున్నాం. ఎందుకో ఇంక ఆగలేకపోయాను. మొదటినుంచీ చెప్పాను. కారు, గుండు కీళ్ళు, టీ, గీత, మలుపు, అన్నీ చెప్పాను. తప్పు మీది కాదు, చూసి కూడా గీసిన నాది అన్నాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆయన చాలా శ్రద్ధగా, మధ్యలో అడ్డు రాకుండా, "ఆయ్... ఆయ్" అంటూ విన్నారు. నన్ను అమ్మాయ్ అని తప్ప ఎన్నడూ పిలవని మనిషి.

అంతా అయ్యాక, "పాపం, చాలా బాధపడ్డారండి మీరు" అన్నారు. "ఆ ఫిట్టరు గారితో ఈ మాట చెప్పేరాండి?"

లేదన్నట్టు తల ఊపాను.

"చెప్పెయ్యండి. ఏమీ అనుకోడాయన" అన్నారు. వణికే చెయ్యి ఎత్తి, నా భుజం మీద వెయ్యబోయి, తెలియని ఆడమనిషిని కదా అని కాబోలు, మర్యాదగా వెనక్కి తీసుకున్నారు.

ఆ తరవాత ఎనిమిది నెలలున్నారు. వారానికి మూడు నాలుగుసార్లు వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని, ఎవరండీ మీరని అడిగితే చెప్పేదాన్ని. చెప్పడానికి కావలసినంత కాలం నాకు ఎప్పుడూ ఉంటూనే వచ్చింది, వినవలసిన మనిషికే అది అయిపోయింది.